వాళ్లకిచ్చిన రాయితీ మనకు అందుతుందా?



ఫోన్ల కంపెనీలు కొన్ని తమ కొత్త సరుకును డెవలపర్లకు, అంటే ఫోనులో పనిచేసే అప్లికేషన్లు తయారుచేసేవారికి, తక్కువ ధరకో, ఒక్కోసారి ఊరికేనో ఇస్తూ ఉంటాయి. ఈ మాట వినగానే మనబోటి గృహిణులకు తోచే ప్రశ్న ఒకటే. "నెలనెలా కూడబెట్టి పూర్తి ధర ఇచ్చేది మనం, రాయితీ వాళ్లకా? ఇందులో మనకేమిటి లాభం?" న్యాయమైన ప్రశ్నే. కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

కొత్త రకం కుక్కరు ఒకటి బజారులోకి వచ్చిందనుకోండి. పప్పుకి నీళ్లెన్ని, ఇడ్లీకి ఎంతసేపు అన్నది ఎవరో ఒకరు ముందు వండి చూసి చెప్పాలి కదా! కంపెనీవారు వంట బాగా తెలిసిన నలుగురికి కుక్కర్లు చవగ్గా ఇస్తే, వాళ్లు తేల్చిన కొలతలు మనకు పనికివస్తాయి. ఫోను సంగతీ అంతే. కంప్యూటరు తెర మీదే ఫోను నమూనా పెట్టుకుని అప్లికేషను రాయవచ్చు. కానీ అసలు ఫోను చేతిలో ఉంటేనే వేలికి బొత్తాలు సరిగ్గా అందుతున్నాయా, బ్యాటరీ ఎంత ఖర్చవుతోంది, సిగ్నలు తగ్గితే ఏమవుతోంది అన్నవి బాగా తెలుస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. 2005లో ఫిన్లండు దేశపు నోకియా కంపెనీ "770" అనే చిన్న ఇంటర్నెట్ పలకను తెచ్చింది. దాని ధర సుమారు 350 యూరోలు. డెవలపర్ల కోసం 500 పలకలు కేటాయించి, ఒక్కొక్కటి 99 యూరోలకే ఇచ్చింది. లెక్కవేస్తే మొత్తం రాయితీ సుమారు లక్షా పాతికవేల యూరోలు. అంత పెద్ద కంపెనీకి ఇది పెద్ద మొత్తం కాదు. దీని మూలంగా కొనేవాళ్ల మీద భారం పడిందనుకోవడానికి లేదు. పైగా పుస్తకాలు చదువుకునే అప్లికేషన్లు, దారి చూపే పటాలు, ఇలాంటివి బయటివాళ్లు తయారుచేస్తే పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లూ వాడుకున్నారు. అంటే రాయితీ డబ్బు రూపంలో మనకు రాదు, పని రూపంలో వస్తుంది.

అలాగని ప్రతిసారీ వస్తుందా? రాదు. కెనడాకు చెందిన బ్లాక్‌బెర్రీ కంపెనీ 2011లో "ప్లేబుక్" అనే పలకను 499 డాలర్ల ధరతో విడుదల చేసింది. అప్లికేషను రాసి పంపి ఆమోదం పొందినవారికి పలక ఉచితమని ప్రకటించింది. అయినా సరుకు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. ఆ ఏడాది ఆఖరుకే 199 డాలర్లకు దించి అమ్మారు. తమ కొత్త సాఫ్ట్‌వేర్ ప్లేబుక్‌కు ఇవ్వలేమని 2013లో కంపెనీయే చెప్పేసింది. డెవలపర్లకు పోయిందేమీ లేదు, ఊరికే వచ్చిన వస్తువే కదా! మొదట్లోనే పూర్తి ధర పోసి కొన్న ఇల్లాలి మాటేమిటి? పెళ్లికి పందిరి ఎంత గొప్పగా వేస్తేనేం, కాపురం నిలబడాలిగా!

ఇంకో మెలిక కూడా ఉంది. డెవలపర్ల చేతికి ఖరీదైన కొత్త మోడళ్లే వెళితే, వాళ్లు పరీక్షించేది వాటి మీదే. మన ఇళ్లలో నాలుగేళ్ల నాటి చవక ఫోను అత్తగారి దగ్గర ఉంటుంది. ఆవిడకు గ్యాసు బుక్ చేసే అప్లికేషను తెరుచుకోకపోతే ఎవరికి తెలుస్తుంది? భాష సంగతీ ఇలాంటిదే. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరపు ఒకానొక కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ అదే నెల 19న సవరణ విడుదల చేసింది. అది కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లోని లోపమే అనుకోండి. కానీ తెలుగు రాసే చేతులతో పరీక్ష జరగడం ఎంత అవసరమో దానివల్ల తెలిసింది కదా!

కాబట్టి, అమ్మా, ఈ రాయితీలను చూసి అసూయపడనూ వద్దు, మురిసిపోనూ వద్దు. ఫోను కొనేముందు మాత్రం మూడు సంగతులు కనుక్కోండి. మీకు కావలసిన బ్యాంకు, గ్యాసు, పిల్లల బడి అప్లికేషన్లు అందులో పనిచేస్తాయా? తెలుగు చక్కగా కనిపిస్తుందా, రాయడానికి వీలుందా? భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామంటున్నారు? ఈ మూడోది దుకాణంలో చాలామంది అడగరు. డబ్బు లావాదేవీలు చేసే ఫోనుకు ముఖ్యమైనది అదే.

ఏదైనా అప్లికేషను మొరాయిస్తే విసుక్కుని ఊరుకోకండి. ఆ అప్లికేషను పేజీలోనే అభిప్రాయాలు రాసే చోటుంటుంది. మీ ఫోను మోడలు పేరు, ఏ బొత్తాం నొక్కితే ఏమైందో తెలుగులోనే రెండు ముక్కలు రాయండి. చవగ్గా ఫోను పుచ్చుకున్న డెవలపరుకు ఆ ఫోను చెప్పలేని సంగతి అది. మీ ఇంట్లో కూర్చుని మీరే చెప్పగలరు.