ఇంగ్లీషు మాటల కింద కూలీ, కౌలురైతు

తాసిల్దారు కచేరీలో, బ్యాంకులో, సొసైటీలో మన చేత వేలిముద్ర వేయించుకునే కాగితాల మీద కొన్ని ఇంగ్లీషు మాటలుంటాయి. మార్జినల్ ఫార్మర్, టెనెంటు, బెనిఫిషరీ, వీకర్ సెక్షన్స్. అక్షరం ముక్క రాని కూలీలు కూడా వీటిని పలుకుతారు. "మాది మార్జినలేనండీ" అంటారు. అర్థం తెలియకపోయినా అవసరం అలాంటిది. అప్పు పుట్టాలన్నా, పంట పోతే పరిహారం రావాలన్నా, ఇంటి మనిషి ఉరేసుకుంటే పిల్లలకు నాలుగు రూకలు దక్కాలన్నా మన పేరు ఏ మాట కింద రాశారన్నదే ముందు చూస్తారు.

ఇంగ్లీషు రాకపోవడం మన నేరం కాదు. కానీ మన గురించి రాసిన మాటకు అర్థమేమిటో అడగడం మన పని. అటువంటి మాటలు కొన్నిటిని ఇక్కడ విప్పి చూద్దాం.

అంచున ఉన్నదెవరు?

మార్జిన్ అంటే అంచు. పుస్తకంలో రాత పడకుండా వదిలేసే చోటు. వ్యవసాయ గణనలో ఒక హెక్టారు లోపు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు కమతం ఉన్నవాడు మార్జినల్ ఫార్మర్. మన భాషలో సన్నకారు రైతు. ఒకటి నుంచి రెండు హెక్టార్ల లోపు ఉన్నవాడు చిన్నకారు రైతు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం ఈ రెండు రకాలవే. వాటి కింద ఉన్న భూమి మాత్రం సుమారు 47 శాతం. నూటికి 86 కమతాలు అంచున ఉంటే, నట్టనడుమ కూర్చున్నదెవరు?

జనాభా లెక్కల్లో ఇదే మాటకు మరో అర్థముంది. ఏడాదిలో ఆరు నెలల కన్నా తక్కువ పని చేసినవాళ్లను మార్జినల్ వర్కర్లు అంటారు. నాట్లయిపోయాక, కోతలయిపోయాక పని కోసం వీధి అరుగు మీద ఎదురుచూసే ఆడకూలీ ఈ గడిలో పడుతుంది. ఆమె పని తక్కువ చేసిందన్నది కాగితానికెక్కుతుంది. పనిచ్చే నాథుడు లేడన్నది ఎక్కదు.

ఆ లెక్కల్లోనే మనం మరిచిపోకూడని సంగతి ఒకటుంది. 2001లో దేశంలో సాగుదారులు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 వచ్చేసరికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గారు, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. పదేళ్లలో రైతుల వరుస కుంగి కూలీల వరుస పెరిగింది. భూమి పోగొట్టుకుని కూలికి దిగడమంటే ఏమిటో ఆ ఇంట్లోవాళ్లను అడిగితే తెలుస్తుంది, గడిలో అంకె చూస్తే తెలియదు.

కౌలుదారు పేరు ఎందుకు మారింది?

టెనెంటు అంటే కౌలుదారు. ఈ మాటకు చట్టంలో బలముంది. తెలంగాణలో 1950 నాటి కౌలు చట్టం రక్షిత కౌలుదారు అనే మాట తెచ్చి, దున్నేవాడికి కొన్ని హక్కులిచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలు చట్టం వచ్చింది. కౌలుదారు అన్న మాట ఒప్పుకుంటే హక్కు కూడా ఒప్పుకోవాల్సి వస్తుందని భూస్వాములకు బాగా తెలుసు. అందుకే కౌలును నోటిమాట మీదే నడిపించారు. ఏటేటా మడి మార్చారు.

2011లో ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన చట్టం పేరులో టెనెంటు లేడు. లైసెన్సుడు కల్టివేటర్ అన్నారు. తెలుగులో అధీకృత సాగుదారు. ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు చేతికిచ్చారు. 2019లో దాని స్థానంలో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పేరులోనూ కౌలుదారు లేడు. పైగా యజమాని సంతకం పెట్టిన ఒప్పందం కావాలన్నారు. గడువు 11 నెలలు. సంతకం పెట్టమంటే ఏ ఆసామి పెడతాడు? "పెడితే నా భూమి పోతుంది, నువ్వు వేరే చేను చూసుకో" అంటాడు. పేరులో హక్కులున్నాయి, తాళం చెవి మాత్రం ఆసామి జేబులో ఉంది.

2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సొమ్ము ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారు ఖాతాకు పోయింది. చేనులో చెమటోడ్చిన కౌలురైతుకు అందులో చోటు లేకపోయింది.

రైతు అంటే ఎవరు?

2007లో కేంద్రం ప్రకటించిన జాతీయ రైతు విధానం ఫార్మర్ అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. సొంత భూమి ఉన్నవాడే కాదు, కౌలుదారు, పాలుకు చేసేవాడు, వ్యవసాయ కూలీ, పశువులు కాచేవాడు అందరూ రైతులేనంది. 2019లో ఏడాదికి 6,000 రూపాయల కిసాన్ పథకం పెట్టేసరికి మాత్రం ఫార్మర్ ముందు లాండ్‌హోల్డింగ్ అన్న మాట వచ్చి కూర్చుంది. అంటే పేరు మీద భూమి ఉన్న కుటుంబం. ఒక్క మాట చేర్చి కోట్ల మంది కూలీలను, కౌలురైతులను గడప బయట నిలబెట్టారు.

చావుల లెక్కలోనూ ఇదే జరిగింది. జాతీయ నేర రికార్డుల సంస్థ 2013 లెక్కలో వ్యవసాయం మీద సొంతంగా బతికేవారి ఆత్మహత్యలు 11,772. 2014లో గడులు మార్చారు. రైతులు 5,650 మంది, వ్యవసాయ కూలీలు 6,710 మంది అని విడివిడిగా చూపారు. పై వరుస ఒక్కటే చూసినవాడికి రైతుల చావులు సగానికి పడిపోయినట్టు కనపడుతుంది. కూలీల చావులు విడిగా చూపడం తప్పని మేము అనం. వాటిని చూడకుండా పై అంకె చదివి చంకలు గుద్దుకోవడమే తప్పు. 2022లో కూడా రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది ప్రాణాలు తీసుకున్నారు. ఇక భూమి పేరు మీద లేని ఆడరైతు చనిపోతే గృహిణి అని రాసేస్తే, రైతుల లెక్కలోకే రాదు.

పాలేరు మెడలో పలుపు

1950-51లో జరిగిన మొదటి వ్యవసాయ కార్మిక విచారణలో కూలీలను రెండు రకాలుగా రాశారు. రోజు కూలీ క్యాజువల్. ఏడాది జీతానికి ఉన్న పాలేరు అటాచ్డ్. అటాచ్డ్ అంటే అంటిపెట్టుకున్నవాడు. దేనితో అంటించారు? తండ్రి తెచ్చిన అప్పుతో. మాలపల్లెలో, మాదిగవాడలో పుట్టిన పిల్లవాణ్ణి అప్పు కింద దొర ఇంట పశువుల కాడ నిలబెడితే, అది అంటిపెట్టుకోవడమా? 1976లో చట్టం దానికి బాండెడ్ లేబర్ అని పేరు పెట్టింది. అంటే కట్టుబానిస చాకిరి. పేరు పెట్టాకే దాన్ని నేరమనడం, విడిపించమని అడగడం కుదిరింది. 1982లో సుప్రీంకోర్టు ఆసియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునేది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే అంది. ఆకలి తప్ప వేరే దారి లేనివాడు "ఒప్పుకున్నాడు" అంటే చెల్లదని దాని సారం.

లబ్ధిదారా? హక్కుదారా?

బెనిఫిషరీ అంటే మేలు పొందినవాడు. దాన్నే తెలుగులో లబ్ధిదారు అంటున్నారు. ఇచ్చేవాడు దాత అయితే పుచ్చుకునేవాడు దణ్ణం పెట్టాలి కదా! 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఉన్న మాట వేరు. పని అడిగితే 15 రోజుల్లో చూపాలి, చూపలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి అని రాసింది. అక్కడ కూలీ అడిగేవాడు, ప్రభుత్వం బాకీదారు. ఆ మాట తెలిసిన ఊళ్లో పని అడిగినట్టు రసీదు తీసుకున్నారు. తెలియని ఊళ్లో మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డారు.

వీకర్ సెక్షన్స్ అన్న మాట రాజ్యాంగం 46వ అధికరణంలో ఉంది. బలహీన వర్గాలను దోపిడీ నుంచి, సాంఘిక అన్యాయం నుంచి కాపాడాలని అక్కడ రాశారు. కచేరీలో మొదటి సగమే వినిపిస్తుంది. బలహీనులంటారు గాని, బలం ఎవరు లాగేశారో చెప్పరు.

పేద అంటే ఒక మనిషికి ఏమి లేదో తెలుస్తుంది. ఇనీక్వాలిటీ, అంటే అసమానత, అంటే ఇద్దరి మధ్య ఎంత తేడా ఉందో తెలుస్తుంది. క్లాసు, అంటే వర్గం, అన్నప్పుడే భూమి ఎవరిది, చాకిరి ఎవరిది, పంట ఎవరి గాదెకు చేరుతుంది అన్న ప్రశ్న లేస్తుంది. మన ఊళ్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కులం సంగతి కూడా తేల్చక తప్పదు. పాలకులు మొదటి మాటలు ధారాళంగా వాడి, చివరి మాట దగ్గర నోరు మూసుకునేది అందుకే.

మనం చేయాల్సిందేమిటి?

మాట మారితే మడి మన చేతికి రాదు. అయినా మాట తెలిస్తే మోసం దొరుకుతుంది. గ్రామసభలో జాబితా చదివేటప్పుడు ప్రతి గడి పేరూ తెలుగులో చెప్పమని సంఘాలు పట్టుపట్టాలి. వేలిముద్ర వేసే ముందు మూడు ప్రశ్నలడగాలి: నన్ను ఏమని రాశారు? ఆ పేరుతో నాకేమి వస్తుంది? ఏ పేరు రాయకపోవడం వల్ల ఏమి పోతోంది?

దాంతోపాటు ప్రతి ఊళ్లో మన లెక్క మనం రాసుకోవాలి. పట్టా ఎవరిది, దున్నేది ఎవరు, కూలికి పోయేది ఎవరు అన్నది ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ల పేర్లతో సహా రాయాలి. కచేరీ కాగితం ఒక చేత్తో, మన కాగితం ఇంకో చేత్తో పట్టుకుని తాసిల్దారు ముందు నిలబడితే, ఆ రెంటి మధ్య తేడాకు ఆయన జవాబు చెప్పక తప్పదు.