మన పౌరసత్వం ఎక్కడ?

ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి అందరూ వెళ్లేదాకా ఆగి, తన కుమారుడి కోసం ప్రార్థన చేయమని అడిగారు. చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటున్న అతడు వచ్చే నెలలో అక్కడి పౌరసత్వం తీసుకుంటున్నాడట. ఇంతవరకు తాను పౌరుడిగా ఉన్న దేశానికి ఇక విధేయుణ్ణి కానని ఆ రోజు అతడు ప్రమాణం చేయాలి. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం కూడా, కోరి మరో దేశపు పౌరసత్వం తీసుకున్నవారు ఇక భారత పౌరులు కారు. ఓసీఐ కార్డు తీసుకుంటే వచ్చి వెళ్లడానికి ఇబ్బంది ఉండదు గాని, ఇక్కడ ఓటు ఉండదు, సొంత ఊళ్లో ఎకరం పొలం కొనే హక్కూ ఉండదు. 'అయ్యగారూ, వాడు చేస్తున్నది పాపమా? పుట్టిన గడ్డను కాదంటే కన్నతల్లిని కాదన్నట్టే కదా?' అంటూ ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు. పక్కనే ఉన్న ఆమె భర్త మాత్రం, 'మనం పరలోకానికి చెందినవాళ్లం. మనకు ఏ దేశమైతే ఏముందిలే' అని తేల్చేశారు.

ఆ ఇద్దరి మాటలూ వారమంతా మా మనసులో మెదులుతూనే ఉన్నాయి.

ఆ తండ్రి మాటకు ఆధారం అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలో ఉంది (ఫిలిప్పీ 3:20). ఆ మాట ఆ ఊరివారికే రాయడంలో విశేషముంది. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. గెలిచినవారు తమ సైనికుల్లో కొందరికి అక్కడే భూములిచ్చి స్థిరపరిచారు. అలా మాసిదోనియలో ఉన్న ఆ పట్టణం రోమీయుల ప్రవాసస్థానమైంది. రోము ఎంతో దూరాన ఉన్నా అక్కడ నడిచేది రోమా చట్టమే, రోమా పద్ధతులే. రోమా పౌరులమని చెప్పుకోవడం వారికి గొప్ప. అలాంటివారితో పౌలు, మీ అసలు పౌరసత్వం పరలోకంలో ఉందని చెప్పాడు. అంటే ఫిలిప్పీని వదిలేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చోమని కాదు. దూరాన ఉన్న రోము పద్ధతులు ఇక్కడ ఎలా నడుస్తున్నాయో, మన రాజైన క్రీస్తు పద్ధతులు కూడా మీ వీధిలో, మీ ఇంట్లో అలాగే కనిపించాలని ఆయన భావం. పరలోక పౌరసత్వం ఈ లోకపు బాధ్యతలు తప్పించుకునే దారి కాదు.

పౌలు తన రోమా పౌరసత్వాన్ని విసిరి పారేయలేదు కూడా. అదే ఫిలిప్పీలో న్యాయాధిపతులు విచారణ లేకుండా ఆయన్నూ సీలనూ బెత్తాలతో కొట్టించి, మర్నాడు గుట్టుగా పంపేయబోయారు. పౌలు ఊరుకోలేదు. రోమా పౌరులమైన మాకు ఇదేనా న్యాయమని నిలదీశాడు. వాళ్లే స్వయంగా వచ్చి బతిమాలుకోవలసి వచ్చింది (అపొ. 16:37-39). యెరూషలేములో కొరడా దెబ్బలకు సిద్ధం చేస్తుంటే, తాను పుట్టుకతోనే రోమా పౌరుణ్ణని చెప్పాడు. ఆ మాట విన్న సైన్యాధికారి తన పౌరసత్వాన్ని ఎంతో డబ్బు పోసి కొనుక్కున్నవాడు (అపొ. 22:25-28). చివరకు కైసరు ఎదుటే చెప్పుకుంటానని పౌలు తన హక్కును వాడుకున్నాడు (అపొ. 25:11).

అయితే అదే పౌలు కైసరుకు పన్ను కట్టమన్నాడు, అధికారులను గౌరవించమన్నాడు (రోమా 13:7), వారికోసం ప్రార్థించమన్నాడు (1 తిమోతి 2:1-2). ఆరాధించమని మాత్రం ఎక్కడా అనలేదు. దేశాన్ని ప్రేమించడానికీ దేశాన్నే దేవుడిగా చేసుకోవడానికీ మధ్య గీత ఇదే. దేవుడు వద్దన్నది చేయమని ఏ ప్రభుత్వం ఆజ్ఞాపించినా ఎవరి మాట వినాలో అపొస్తలులు తేల్చి చెప్పారు (అపొ. 5:29).

ఈ సత్యాన్ని చేసి చూపించిన తెలుగు సంఘాలూ ఉన్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో ట్రురో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు, ఎక్కువగా అక్కడి చెరకు తోటలకు, వెళ్లారు. వారిలో మన తెలుగువారు వేలల్లో ఉన్నారు. జీతం నెలకు 10 షిల్లింగులతో మొదలయ్యేది. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోవాలనుకుంటే ఏడాదికి 3 పౌండ్లు పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. అంటే ఆరు నెలల జీతం! మీ కష్టం కావాలి గాని మీరు అక్కర్లేదని చెప్పడమే అది. ఆ పన్ను 1914లో గాని పోలేదు. భారతీయులు తమ దేశపు శాశ్వత ప్రజల్లో భాగమని అక్కడి ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1961 దాకా పట్టింది. మొదటి ఓడ చేరిన నూరేళ్లకు!

మరి అంతకాలం వారిని 'మావారు' అన్నదెవరు? 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని తెలుగు బాప్టిస్టు సంఘాలు నేటాల్‌కు మిషనరీగా పంపాయి. విదేశీ మిషనరీల ద్వారా సువార్త అందుకున్న సంఘాలు తమ మనిషిని తామే విదేశానికి పంపాయి. ఆయన వెళ్లి కూలీల మధ్య సంఘాలు కట్టి, 1915లో కన్నుమూసేదాకా సేవ చేశారు. రాజ్యం చోటివ్వనివారికి దేవుని ఇంట్లో చోటు దొరికింది.

ఆ తల్లికి మేము చెప్పిన జవాబు ఇది. దేశం మారడమే పాపమైతే మోయాబీయురాలైన రూతు పాపాత్మురాలే కావాలి. కాని ఆమె పేరు మన ప్రభువు వంశావళిలో ఉంది (మత్తయి 1:5). అయితే రూతు లాభం చూసుకుని రాలేదు, అత్తను విడవలేని ప్రేమతో వచ్చింది. అందుకే మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి: ఎందుకు మారుతున్నావు? ప్రమాణం అంటే పెదవులతో పలికి మరచిపోయేది కాదు. నష్టం వచ్చినా మాట తప్పనివాణ్ణే దేవుడు మెచ్చుకుంటాడు (కీర్తన 15:4). ప్రమాణం చేశాక అక్కడ నిజాయితీగా పన్ను కట్టాలి, ఆలోచించి ఓటు వేయాలి, చెరలో ఉన్న యూదులకు యిర్మీయా రాసినట్టు ఆ పట్టణం మేలు కోరాలి (యిర్మీయా 29:7). ఇక తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను ఏ దేశపు ప్రమాణమూ కొట్టివేయలేదు. పాస్‌పోర్టు మారినా అతడు మీ బిడ్డే. ఆమె కళ్లు తుడుచుకున్నారు.

ఆ తండ్రితో కూడా ఒక మాట చెప్పాం. ఏ దేశమైతే ఏముంది అనేవారికి పొరుగువాడి బాధ కూడా పట్టదు. భారత పౌరులుగా ఉన్నంతకాలం ఈ దేశపు మంచిచెడ్డలు మన ప్రార్థనలోనూ మన చేతల్లోనూ ఉండాలి.

ఆ మాట చెబుతుంటే మాకే తల వంచుకోవలసి వచ్చింది. మా చర్చి వెనక వీధిలో ఒడిశా నుంచి కట్టడాల పనికి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటున్నాయి. వారూ మన దేశ పౌరులే, భాష తెలియని ఊళ్లో పరదేశుల్లా బతుకుతున్నారు. మీరూ ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు గనుక పరదేశిని మీలాగే ప్రేమించమని దేవుడు ఆజ్ఞాపించాడు (లేవీ 19:34). ఇన్నేళ్లలో మేము వారిని ఒక్క క్రిస్మస్‌కైనా భోజనానికి పిలవలేదు.

అది విని ఆ తల్లే అన్నారు: 'మా వాడు అమెరికాలో దిగిన మొదటి రోజున ఎవరో తెలియనివాళ్లే వాడికి అన్నం పెట్టారయ్యగారూ. ఈ ఆదివారం ఆ పిల్లలకు నేను వండుతాను.'