మోకాలి తాళ్ళలోనూ వైరింగ్ ఉంది

ఎపిసోడ్ విన్నాక ఇక్కడ ఇంటర్నేషనల్ సిటీలో మనవాళ్ళు అడిగింది ఒకటే: "అన్నా, మోకాలు బెణికింది, ఇప్పుడు నొప్పి లేదు, స్కాఫోల్డింగ్ ఎక్కొచ్చా?" రికార్డింగ్‌లో టైం చాల్లేదు, అందుకే రాస్తున్నా.

మన ఊళ్ళలో అన్నిటినీ "నరం" అనేస్తాం. నరం పట్టేసింది, నరం బెణికింది అని. ఇక్కడ విడదీసి చెప్పుకుందాం. ఎముకని ఎముకకి కట్టేది లిగమెంట్. కండని ఎముకకి కట్టేది టెండన్. రెండూ తాళ్ళే, కానీ వాటిలోకి అసలు నరాలు వెళ్తాయి.

ఇది ఎక్కువగా పిల్లుల మీద తెలుసుకున్నారు. 1967లో ఫ్రీమన్, వైక్ అనే ఇద్దరు పిల్లి మోకాలిని మైక్రోస్కోప్ కింద చూసి, కీలులో నాలుగు రకాల నరాల చివరలున్నాయని రాశారు. మూడు రకాలు కదలికనీ లాగుడునీ చెప్పేవి, నాలుగోది నొప్పి చెప్పేది. మనిషి మోకాలి లోపలుండే క్రూసియేట్ లిగమెంట్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయని 1980ల్లో చూపించారు. టెండన్ సంగతి ఇంకా పాతది. కండ, టెండన్ కలిసేచోట ఉండే చివరల్ని 19వ శతాబ్దంలోనే ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ వర్ణించాడు. అవి టవర్ క్రేన్‌లో లోడ్ సెల్ లాంటివి. కండ ఎంత బలంగా లాగుతోందో వెన్నుపాముకి కబురు పంపుతాయి.

లిగమెంట్ చిరిగితే తాడుతోపాటు ఈ వైరింగూ దెబ్బతింటుంది. ట్యాబ్లెట్ నొప్పిని తగ్గిస్తుంది గానీ, కాలు ఎక్కడుందో చెప్పే కబురుని బాగుచెయ్యదు. నొప్పి లేకపోయినా మెట్లు దిగేటప్పుడు మోకాలు ఒక్కసారి వదిలేసినట్టు అవుతుంది చూశారా? తాడు వదులవడం ఒక కారణం, కబురు సరిగా అందకపోవడం ఇంకో కారణం. బిల్డింగ్ మెట్ల మీదైతే గోడ పట్టుకుంటాం. రెండు చేతుల్లో పైపు పట్టుకుని ప్లాంక్ మీద నడుస్తుంటే ఏం పట్టుకుంటాం?

గోడ పక్కన నిలబడి, ముందు బాగున్న కాలి మీద, తర్వాత దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలితో నిలబడి చూడండి. తేడాగా ఊగుతుంటే పైకి ఎక్కే పని ఇంకా వద్దు. ఫిజియో చేయించే బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు ఈ కబురు వ్యవస్థ కోసమే. చాలామంది వాటిని "ఉత్తినే నిలబెడుతున్నారు" అని మానేస్తారు, అది నాకు నచ్చదు.

నా గ్యాంగ్‌లో ఇలాంటివాళ్ళని నేను కింద స్టోర్ పనిలో పెడతా. మీ దగ్గర అలా కుదరకపోతే, లైట్ డ్యూటీ అని డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని సూపర్‌వైజర్‌కి ఇవ్వండి, ఒక ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. మోకాలు వాచినా, మడిచాక తిరిగి చాపలేకపోయినా మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.