జోసెఫ్ ఫార్మన్: అంటార్కిటికాలో ఓజోన్ కొలతలు

ఓజోన్ క్షీణతను గురించిన చర్చ సాధారణంగా 1974లో షేర్వుడ్ రోలాండ్, మారియో మొలీనా ప్రతిపాదించిన సిద్ధాంతంతో మొదలవుతుంది. క్లోరోఫ్లోరోకార్బన్లు స్ట్రాటో ఆవరణాన్ని చేరి విచ్ఛిన్నమవుతాయని, వాటి నుండి వెలువడే క్లోరిన్ ఓజోనును హరిస్తుందని వారు వివరించారు. ఆ నష్టం ఎవరూ ఊహించని చోట, ఊహించని స్థాయిలో జరుగుతున్నదని కొలిచి చూపినవారు బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రవేత్త జోసెఫ్ ఫార్మన్ (1930-2013).

అంటార్కిటికాలోని హేలీ బే కేంద్రంలో ఓజోన్ కొలతలు అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం (1957-58) కాలంలో ఆరంభమయ్యాయి. అక్కడి పరికరం 1920లలో డాబ్సన్ రూపొందించిన వర్ణపటమాపకం. ఓజోన్ అధికంగా శోషించే అతినీలలోహిత తరంగదైర్ఘ్యాన్ని, స్వల్పంగా శోషించే మరొకదానితో పోల్చి, తలపైనున్న మొత్తం ఓజోనును అది నేల మీదనుండే లెక్కిస్తుంది. 'పొర' అనే మాట ఎంతటి మందాన్ని స్ఫురింపజేసినా, 300 డాబ్సన్ యూనిట్ల ఓజోనును భూతలపు పీడనానికి, సున్నా డిగ్రీల ఉష్ణోగ్రతకు తెస్తే దాని మందం 3 మిల్లీమీటర్లే.

హేలీలో అక్టోబరు మాసపు సగటు తొలి దశకాలలో దాదాపు 300 యూనిట్లు. 1984 నాటికి అది 200 కంటె దిగువకు పడిపోయింది. ఫార్మన్ ముందుగా శంకించింది పాతబడిన పరికరాన్నే. కొత్త పరికరమూ అదే ఫలితాన్నిచ్చింది. ఉత్తర దిశగా సుదూరాన ఉన్న అర్జెంటైన్ దీవుల కేంద్రంలోనూ, తక్కువ మోతాదులోనైనా, క్షీణత కనిపించింది. బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్‌లతో కలిసి రాసిన పత్రం 1985 మే 16న 'నేచర్' పత్రికలో వెలువడింది.

నాసా ఉపగ్రహం నింబస్-7 ఈ తగ్గుదలను కంప్యూటర్ దోషంగా పారవేసిందన్న కథ ప్రచారంలో ఉంది. అది సరికాదు. 180 యూనిట్లకు తక్కువైన విలువలను అనుమానాస్పదమైనవిగా గుర్తించి ఉంచారే తప్ప చెరిపివేయలేదు. తరువాత ఆ దత్తాంశాలే ఫార్మన్ నిర్ధారణను ఖండమంతటికీ విస్తరించి చూపాయి.

తెలుగు పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన 'ఓజోన్ రంధ్రం' అనే పదం కొంత తప్పుదారి పట్టిస్తుంది. అది చిల్లు కాదు. అంటార్కిటికా వసంతంలో, అంటే సెప్టెంబరు-నవంబరు నెలల్లో, ఏర్పడే పలుచదనం. శీతాకాలపు తీవ్రమైన చలిలో ధ్రువ స్ట్రాటో ఆవరణ మేఘాలు ఏర్పడతాయి. వాటి కణాల ఉపరితలంపై నిశ్చల క్లోరిన్ సమ్మేళనాలు చురుకైన రూపానికి మారతాయి. సూర్యుడు తిరిగి కనబడగానే విధ్వంసం మొదలవుతుంది. మేఘకణాల పాత్రను 1986లో సూసన్ సోలమన్ బృందం ప్రతిపాదించింది. ఫార్మన్ పత్రంలోని రసాయనిక వివరణలో ఈ అంశం లేదు. నిలిచినవి ఆయన కొలతలు.

మాంట్రియల్ ఒడంబడికపై సంతకాలు 1987 సెప్టెంబరు 16న జరిగాయి. ఆ నెలలోనే పరిశోధక విమానాలు అంటార్కిటికా మీద క్లోరిన్ పాత్రకు సాక్ష్యాలను ఇంకా సేకరిస్తూనే ఉన్నాయి.