500 రూపాయలకే 1 టీబీ మెమరీ కార్డా? పిల్లల గేమ్ కోసం కొనేముందు ఇవి చూసుకోండి

దుబాయ్ నుంచో జెద్దా నుంచో సెలవు మీద వచ్చే భాయ్ సూట్‌కేసులో ఈమధ్య పిల్లల కోసం చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ సెట్ కూడా ఉంటోంది. అది నింటెండో స్విచ్ కావచ్చు, స్టీమ్ డెక్ కావచ్చు. నాలుగు గేమ్స్ ఎక్కించేసరికి 'స్టోరేజ్ ఫుల్' అని వస్తుంది. ఇక పిల్లలు ఈదీ పైసలు లెక్కపెట్టుకుని ఆన్‌లైన్‌లో మెమరీ కార్డు వెతుకుతారు. పేరున్న కంపెనీ 1 టీబీ కార్డు ధర వేలల్లో ఉంటుంది. దాని పక్కనే అదే 1 టీబీ 500 రూపాయలకే కనిపిస్తుంది. "సస్తా ఉంది కదా, అదే తీసుకో" అని ఇంట్లోవాళ్లు కూడా అంటారు.

పైసలు పోయేది ఇక్కడే. పైసల కంటే విలువైనవి కూడా పోవచ్చు.

నకిలీ కార్డు ఎలా మోసం చేస్తుంది?

మైక్రో ఎస్‌డీ కార్డులో డేటా దాచే చిప్ ఒకటి, దాన్ని నడిపించే కంట్రోలర్ ఒకటి ఉంటాయి. 'నాలో ఇంత జాగా ఉంది' అని ఫోన్‌కు, కంప్యూటర్‌కు చెప్పేది కంట్రోలరే. నకిలీ కార్డు చేసేవాళ్లు లోపల 32 జీబీ చిప్ పెట్టి, '1 టీబీ' అని చెప్పేలా కంట్రోలర్‌ను మారుస్తారు. సెట్‌లో పెట్టి చూస్తే 1 టీబీ అనే కనిపిస్తుంది. మొదటి వారం అంతా బాగానే నడుస్తుంది. అసలు 32 జీబీ నిండాక ఆగం మొదలవుతుంది. కొత్త ఫైల్ వెళ్లి పాతదాని మీద కూర్చుంటుంది, లేదా ఎక్కడా సేవ్ కాదు. లిస్టులో ఫైల్ పేరు ఉంటుంది, తెరిస్తే మాత్రం తెరుచుకోదు.

గేమ్ పోతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ ఖాళీ జాగా ఉంది కదా అని చెల్లి నిఖా వీడియో, ఇప్పుడు లేని నానీ ఫొటోలు కూడా అందులోనే వేస్తే? అవి మళ్లీ రావు. గేమ్ కార్డు అసలుదైనా సరే, ఇంటి ఫొటోలకు అదొక్కటే చోటు కాకూడదు. ఇంకో కాపీ వేరేచోట ఉండాల్సిందే.

ముందు సెట్ ఏదో చూడండి

అన్ని సెట్లకూ ఒకే కార్డు సరిపోదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో లోపల 32 జీబీయే ఉంటుంది, ఓఎల్‌ఈడీ మోడల్‌లో 64 జీబీ. వీటిలో మామూలు మైక్రో ఎస్‌డీ కార్డు పనిచేస్తుంది, 2 టీబీ వరకు తీసుకుంటాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌కు కూడా మామూలు కార్డే సరిపోతుంది.

2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 సంగతి వేరు. గేమ్స్ పెట్టుకోవాలంటే దానికి 'మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్' కార్డే కావాలి. పాత రకం కార్డు పెడితే అందులో ఉన్న స్క్రీన్‌షాట్లు, వీడియోలు తీసుకోవడం వరకే. ఎక్స్‌ప్రెస్ కార్డు ఖరీదెక్కువ. అందుకే భాయ్‌కి ఫోన్ చేసి "కార్డు తీసుకురా" అంటే చాలదు, సెట్ పేరు, మోడల్ కూడా చెప్పాలి.

కార్డు మీది గుర్తులకు అర్థం

కార్డు మీద యూ అక్షరంలో 1 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ వేగంతో రాస్తుంది. 3 ఉంటే 30 ఎంబీ. వీ30 అన్నా 30 ఎంబీయే. ఏ1, ఏ2 అనేవి చిన్న చిన్న ఫైళ్లను ఎంత చురుగ్గా అందిస్తుందో చెప్పే గుర్తులు. స్విచ్‌కు, స్టీమ్ డెక్‌కు యూ3, ఏ1 ఉన్న అసలు కార్డు సరిపోతుంది.

ప్యాకెట్ మీద '200 ఎంబీ స్పీడ్' అని పెద్దగా రాసి ఉంటే దానికోసం ఎక్కువ పైసలు పెట్టనక్కర్లేదు. ఈ రెండు సెట్లూ వాడే యూహెచ్‌ఎస్-1 పద్ధతిలో గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీయే. అంతకు మించిన వేగం కావాలంటే ఆ కంపెనీ ప్రత్యేక రీడర్ ఉండాలి.

ఎంత సైజు కావాలి?

స్విచ్ గేమ్స్ చాలావరకు 20 జీబీ లోపే ఉంటాయి. 128 లేదా 256 జీబీ కార్డుతో పిల్లలకు చాలాకాలం నడుస్తుంది. స్టీమ్ డెక్‌లో పెద్ద గేమ్స్ కొన్ని ఒక్కొక్కటి 100 జీబీ దాటుతాయి. దానికి 512 జీబీ మంచిది.

ఇంట్లో వైఫై లేక, రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్ మీదే నడిపేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. 100 జీబీ గేమ్ దిగడానికి 50 రోజుల డేటా కావాలి. అలాంటి ఇంట్లో 1 టీబీ కార్డు ఖాళీగానే పడి ఉంటుంది. అదే పైసలతో చిన్నదైనా నమ్మకమైన కార్డు కొనడమే తెలివి.

ఇంకో మాట. 128 జీబీ కార్డు కంప్యూటర్‌లో 119గా, 1 టీబీ కార్డు 931గా కనిపిస్తే కంగారు పడొద్దు. కంపెనీ 1000 చొప్పున లెక్కేస్తుంది, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుంది. అది మోసం కాదు.

కొన్న రోజే పరీక్ష చేయండి

జనగామ, మహబూబాబాద్ వాళ్లు రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో సికింద్రాబాద్ సీటీసీలోనో కొనుక్కొస్తారు. రైలు లేని భూపాలపల్లి నుంచైతే బస్సులో హనుమకొండ పోవాలి. కార్డు తేడా వస్తే మళ్లీ ఒక రోజు పని, రానుపోను చార్జీలు పోయినట్టే. ఆన్‌లైన్‌లో తీసుకుంటే వాపసు గడువు కొద్ది రోజులే ఉంటుంది. అందుకే గేమ్స్ ఎక్కించకముందే పరీక్ష చేయాలి.

విండోస్ కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. లినక్స్, మ్యాక్‌లో ఎఫ్3 ఉంది. ఇవి ఖాళీ కార్డును పూర్తిగా నింపి, రాసినదాన్ని తిరిగి చదివి సరిచూస్తాయి. సెకనుకు 20 ఎంబీ వేగంతో 128 జీబీ నింపడానికి దాదాపు రెండు గంటలు, 1 టీబీకి 14 గంటలు పడుతుంది. చదవడానికి పట్టే సమయం అదనం. రాత్రి పెట్టి పడుకుంటే సరిపోతుంది. సగంలో ఆపితే మాత్రం లాభం లేదు, నకిలీ చివరి భాగంలో కూడా బయటపడొచ్చు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్ అడగండి. భాయ్ తెచ్చిన కార్డైతే ఆయన సెలవు ముగిసి తిరిగి వెళ్లేలోపే ఈ పని కానివ్వండి. తేడా ఉంటే బిల్లుతో సహా ఆయనే కొన్న షాపులో వాపసు ఇవ్వగలరు.

పరీక్ష పాసైతే కార్డును గేమింగ్ సెట్‌లోనే ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ చేస్తే కార్డులో ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. స్టీమ్ డెక్ ఫార్మాట్ చేసిన కార్డును విండోస్ చదవలేదు, 'ఫార్మాట్ చేయాలా?' అని అడుగుతుంది. అప్పుడు పొరపాటున ఓకే నొక్కితే గేమ్స్ అన్నీ పోతాయి. స్విచ్‌లోనైతే ఆట ఎక్కడిదాకా వచ్చిందనే సేవ్ ఫైల్ సెట్ లోపలే ఉంటుంది, కార్డులోకి రాదు. కార్డు మార్చినా పిల్లలు ఆడింది పోదు.

మోసపోతే ఏం చేయాలి?

కార్డు మోడల్ రాసిన బిల్లు అడిగి తీసుకోండి. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, కస్టమర్ కేర్ వివరాలు ఉన్నాయో లేదో చూడండి. ప్యాకెట్ చించేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, పరీక్ష ఫలితాన్ని కూడా ఫొటో తీయండి.

అమ్మినవాళ్లు వాపసు తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవాడు ఏ ఊరివాడైనా, కొన్నవాళ్లు తాము ఉండే ప్రాంతంలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

500 రూపాయలే కదా అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఆ కార్డులు అమ్మేవాళ్ల ధైర్యం కూడా అదే. ఈసారి పిల్లలు ఈదీ పైసలతో కార్డు కొంటామంటే వద్దనకండి. పక్కన కూర్చుని సెట్ మోడల్ చూడండి, బిల్లు దాచండి, ఆ రాత్రే పరీక్ష పెట్టించండి.