పేవర్ టైల్స్ కింద ఏం పోస్తున్నారు?

ముత్యంపేట, మెట్‌పల్లి, కోరుట్ల వైపు పసుపు చేతికొచ్చిందంటే ఇంటి వెనకాల జాగాకు పని పడుతుంది. ఉడికించిన కొమ్ములు పది పదిహేను రోజులు ఎండాలి మరి. ఆ జాగాలో పేవర్ టైల్స్ వేయిస్తే బురద బాధ తప్పుతుంది, సాయంత్రం కుర్చీలేసుకుని కూర్చోవచ్చు. కానీ రంగు, డిజైన్ ఎంచుకోవడం మీదున్న శ్రద్ధ అడుగున పోసేదాని మీద ఉండదు. తొలి వానాకాలానికే టైల్స్ కుంగేది అందుకే.

నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన ఎంత మంచి టైలు వేసినా ఎత్తిపడేస్తుంది. ఆ మన్ను వీలైనంత లోతు తీయించి మొరం నింపాలి. దానిపై కంకర, క్రషర్ డస్ట్ కలిపి 6 అంగుళాలు. ఒక్కసారే పోసి పైపైన దిమ్మిస కొడితే లాభం లేదు. 3 అంగుళాల చొప్పున పరిచి, నీళ్లు చల్లి, మెషీన్‌తో గట్టిపరచాలి. 10×10 అడుగుల జాగాకు అణిగాక 50 ఘనపుటడుగులు ఉండాలి. తెప్పించేది 60కి పైనే.

‘ఇసుకతోనే లెవెల్ చేద్దాం సార్, ఏం గాదు’ అని మేస్త్రీ అంటే ఒప్పుకోవద్దు. ఇసుక అంగుళం చాలు. ఎత్తుపల్లాలు కంకరలోనే సరిచేయాలి. గోడ నుంచి బయటికి 10 అడుగులకు రెండున్నర అంగుళాల వాలు పెట్టించండి. చుట్టూ సిమెంటు కట్ట లేకపోతే అంచు టైల్స్ జరిగిపోతాయి. మనుషులకు, బైకులకు 60 మి.మీ. మందం సరిపోతుంది, ట్రాక్టర్ వచ్చేచోట 80.

పసుపు ఆరబోసేటప్పుడు మాత్రం పట్టా పరవండి, సందుల్లోని ఇసుక కొమ్ములకు అంటుతుంది.