బొమ్మ గీయటమా? మీట నొక్కించటమా?

మా గోదావరిఖనిలో వొకప్పుడు పదో తరగతి గట్టెక్కిన పిల్లల తల్లిదండ్రులు తర్కించుకునే మాటలు రెండే రెండు: ఐ.టి.ఐ.లో చేర్పించటమా, పాలిటెక్నిక్‌కు పంపటమా? ఇప్పుడు మూడో మాట వొకటి వినవస్తున్నది. దాని పేరు ‘డిజైను’. చీరెల డిజైను కాదు, యిళ్ళ డిజైనూ కాదు. కంప్యూటరు ముందు కూర్చుని చేసేది. ఇందులో మళ్ళీ రెండు మఠాలున్నాయి. ఇల్లస్ట్రేటర్, కోరల్ డ్రా వంటివాటితో బొమ్మలు గీసేవారిది వొకటి. ఫిగ్మా వంటివాటితో ఫోను తెరల నమూనాలు కట్టేవారిది రెండోది. ఫీజు కట్టగలిగేది వొక్కదానికే గనుక, దేనికి కట్టాలన్నది మధ్యతరగతి యింట్లో చిన్న ప్రశ్న కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే వూరి సంగతి కొంచెం చెప్పాలి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడా సంఖ్య నలభైవేల చుట్టుపట్ల వున్నది. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి. తండ్రి కొలువు కొడుక్కి వస్తుందిలే అని కాలుమీద కాలు వేసుకు కూర్చునే రోజులు కావివి.

నేను సర్వే ఆఫీసులో యేళ్ళ తరబడి ట్రేసింగు పని చేసినవాణ్ణి. గీత విషయంలో నా చాదస్తం మా బంధువర్గంలో అందరికీ తెలిసిందే. అందుచేత మా మేనకోడలు డిగ్రీతోబాటు యీ విద్య నేర్చుకుంటానన్నప్పుడు, వాళ్ళ నాన్న, బాయిమీద పంపు ఆపరేటరు, తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

“బావా, నలభైవేలు జమచేసి పెట్టిన. యే కోర్సుకు కట్టాల్నో నువ్వే చెప్పు. పోయిన పైసలు మల్ల రావు” అన్నాడు.

ఆ ధర్మమా అని నాలుగు నెలలపాటు ఆ రెండు విద్యల ఆనుపానులూ తెలుసుకున్నాను.

మొదటిది మన ఆడవాళ్ళకు బాగా తెలిసిన విద్యే. మెలికల ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టి, తరువాత వాటి మధ్య గీతను వంపులు తిప్పుతారు గదా! వెక్టార్ బొమ్మ అంటే అంతే. కంప్యూటరు బొమ్మను రంగుచుక్కల గుంపుగా కాక, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్య వంపు ఇంత అని లెక్కగా దాచుకుంటుంది. లెక్క గనుక, అదే బొమ్మను విజిటింగు కార్డు మీద వేసినా, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద వేసినా అంచు చెదరదు. ఫొటోను అట్లా సాగదీస్తే గళ్ళు గళ్ళుగా విడిపోతుంది.

ఈ వంపుల లెక్క పుట్టింది బొమ్మల కోసం కాదు, కార్ల కోసం. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో కాస్తెల్జో అనే ఆయన 1959 ప్రాంతంలో దీన్ని కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా దాచింది. 1960లలో రెనో కంపెనీలోని పియర్ బెజియే తానూ యీ దారికే వచ్చి, దాన్ని లోకానికి చెప్పాడు. పేరు ఆయనకే దక్కింది. కార్ల తలుపుల వంపు కోసం పుట్టిన ఆ గీతే 1987లో ఆడోబీవారి ఇల్లస్ట్రేటర్‌లోకీ, 1989లో కెనడావారి కోరల్ డ్రాలోకీ వచ్చింది. మన తెలుగు అక్షరాల్లో ‘ఱ’ దగ్గర్నించి తలకట్టు దాకా కంప్యూటరులో నిలిచివున్నవి యీ వంపుల మీదనే.

మా చౌరస్తాలో ఫ్లెక్సీ షాపులవారికి కోరల్ డ్రాయే కులదైవం. దానికి తోడు అను ఫాంట్లు. పెళ్ళి, పుట్టినరోజు, బతుకమ్మ, యూనియన్ ఎన్నికలు, అన్నీ అందులోనే. (ఆ సాఫ్ట్‌వేరును అందరూ డబ్బిచ్చి కొన్నారా అని మాత్రం అడగకండి.) ఇక్కడ వొక చిక్కు వుంది. అను ఫాంటులో కొట్టిన తెలుగు కాగితంమీద ముచ్చటగా వుంటుంది గాని, ఫోనులోకి పంపితే పిచ్చి గీతలుగా మారిపోతుంది. ఫోనుకు యూనికోడ్ తెలుగు కావాలి. ఇల్లస్ట్రేటర్‌లో యూనికోడ్ తెలుగు కొట్టినప్పుడు వొత్తులు విడిపోయి పక్కన నిలబడితే, సెట్టింగులలో భారతీయ భాషలకు పనికివచ్చే కంపోజరును ఎంచుకోవాలి. ఈ ముక్క తెలియక తలపట్టుకునే పిల్లలు చాలామంది వున్నారు.

ఇక రెండో విద్య. గనిలో ప్రమాదం జరిగితే బయటపడే దారి పటంగా గోడమీద వేలాడుతుంటుంది. అయినా మాక్ రిహార్సల్ అంటూ మనుషులను ఆ దారిలో నడిపించి చూస్తారు. ఎందుకు? పటంలో దారి తిన్నగానే వుంటుంది. ఏ మలుపు దగ్గర మనిషి తటపటాయిస్తాడో నడిస్తేగాని తెలియదు. ప్రోటోటైపు అంటే ఫోను తెరకు యీ రిహార్సలే. లోపల ప్రోగ్రాము వుండదు. తెరలు గీసి, ఈ మీట నొక్కితే ఆ తెర రావాలి అని ముడివేస్తారు. చూసేవాడికి నిజమైన యాపే చేతిలో వున్నట్లు వుంటుంది. లక్షలు పోసి ప్రోగ్రాము రాయించకముందే తప్పు ఎక్కడున్నదో బయటపడుతుంది. ఇందుకు అయిదుగురి చేత నొక్కించి చూస్తే చాలా లోపాలు దొరుకుతాయని జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో వాదించాడు. అయిదుగురంటే మన ఇంటిల్లిపాదీ అన్నమాట!

ఇల్లస్ట్రేటర్‌లోనూ ఫోను తెర బొమ్మ గీయవచ్చు. బ్రహ్మాండంగా వస్తుంది, కాని వేలు పెట్టి నొక్కితే పలకదు. ఫిగ్మాలో గీతలు గీసే కలం వుంది గాని, పుస్తకానికి అట్టబొమ్మ వేయాలంటే అది చాలదు.

సాఫ్ట్‌వేరు పేరు చూసి ఫీజు కట్టేవారు వినవలసిన కథ వొకటి వుంది. ఆడోబీవారు ఎక్స్.డి. అనే నమూనాల సాఫ్ట్‌వేరును 2017లో పూర్తిగా విడుదల చేశారు. ఊరూరా దానికి క్లాసులు వెలిశాయి. ఇంతలో 2012లో ఇద్దరు కుర్రవాళ్ళు మొదలుపెట్టిన ఫిగ్మా దాన్ని దాటిపోయింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన శంతను నారాయణ్ నాయకత్వంలోని ఆడోబీ 2022 సెప్టెంబరులో ఆ ఫిగ్మాను రెండువేల కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. ఐరోపా, బ్రిటన్ అధికారులు అభ్యంతరం చెప్పటంతో 2023 డిసెంబరులో బేరం చెడింది. ఆ యేడే ఎక్స్.డి.ని విడిగా అమ్మటం మానేశారు. మా అమ్మాయి తెచ్చిన వొక శిక్షణాలయంవారి కరపత్రంలో మొదటి పాఠం ఇప్పటికీ ఎక్స్.డి.యే!

నా తీర్పు అడిగితే, చేసిన పని చివరకు ఎక్కడికి చేరుతుందో చూడండి అంటాను. కాగితం, గుడ్డ, ఫ్లెక్సీ, గోడ అయితే బొమ్మల విద్య. వేలి కిందికి చేరేదైతే నమూనాల విద్య. చేతిలో గీత వున్న పిల్లను రెండోదానికే తోయటం నాకు యిష్టం లేదు. మా అమ్మాయికి మాత్రం గీతకంటె మనుషులు ఎక్కడ తడబడతారో కనిపెట్టటం మీదే చూపు ఎక్కువ. కనుక ఫిగ్మా అన్నాను. అయితే నలభైవేలు కట్టవద్దన్నాను కూడా. ఫిగ్మా కొన్ని పరిమితులతో ఉచితంగా దొరుకుతుంది. పెన్‌పాట్ అనేది మరొకటి, అదీ ఉచితమే. గీతల సాధనకు 2003 నుంచి ఉచితంగా నడుస్తున్న ఇంక్‌స్కేప్ వుంది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఆ డబ్బులో సగం పెట్టి బావ వొక లాప్‌టాప్ కొన్నాడు. మిగిలిన సగం బ్యాంకులో వున్నది.

అమ్మాయి మొదటి ప్రయోగం ఆస్పత్రి చీటీ తీసుకునే యాపు. కంప్యూటరు ముట్టకుండా ముందు తెల్లకాగితాల మీదే తెరలు గీసింది. మా చెల్లెలు ‘సబ్మిట్’ అన్న మీట దగ్గర ఆగిపోయింది.

“గిదేందే? ఒత్తితే పైసలు పోతయా?” అన్నది.

అమ్మాయి ఆ మాట కొట్టేసి ‘పంపు’ అని రాసి, కాగితం వాళ్ళ బాపు చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“ఆస్పత్రిల పంపు యెందుకే బిడ్డా?”

ఇప్పుడా మీట మీద ‘చీటీ ఇవ్వండి’ అని వున్నది. ఇంకా ముగ్గురికి చూపించవలసి వున్నది.